నేల కింద నేల

కువైట్‌లోని జహ్రాలో ఒకానొక ఇంటి వెనుక సామ్రాజ్యమొకటి కుంగిపోయింది.

సామ్రాజ్యమంటే నాలుగు చక్రాల క్యారవాన్. ఏటా చలికాలం రాగానే కఫీలు, అనగా వీసా ఇచ్చి పనివాళ్ళను తెచ్చుకునే యజమాని, కుటుంబంతో సహా దానిని కారుకు తగిలించుకుని ఎడారికి తరలివెళ్ళి, గుడారాల నడుమ కొలువు తీరేవాడు. నిరుటి వానల్లో లోపలికి చేరిన నీరు చడీచప్పుడు లేకుండా తన పని తాను చేసుకుపోయింది. కిటికీ కింద నేల చెక్క ఉబ్బి, మెత్తబడి, అడుగు వేస్తే ముగ్గిన పనసపండు మీద వేసినట్టుండేది.

వడ్రంగం వచ్చా అని కఫీలు అడిగాడు.

వచ్చునన్నాడు ఇంటి డ్రైవరు సిద్ధయ్య.

రాదన్న మాట గల్ఫు డ్రైవర్ల నిఘంటువులో లేదు. తోటపని వచ్చా అంటే వచ్చును. ఏసీ బాగుచేయడం వచ్చా అంటే వచ్చును. విమానం నడపడం వచ్చా అని ఇంతవరకు ఎవరూ అడగకపోవడం వల్లనే కువైట్ గగనతలం క్షేమంగా ఉంది.

గురువారానికి నేల సిద్ధమైతే ఇఖామాను, ఆ దేశంలో ఉండనిచ్చే కాగితాన్ని, మరో ఏడాదికి పొడిగిస్తానన్నాడు కఫీలు. కాకపోతే ఖలాస్, ఊరికి టికెట్.

రాయచోటి పక్కన రెండు బోర్లు వేయించి, రెండింటా దుమ్ము తప్ప మరేదీ చూడక దేశం దాటిన సిద్ధయ్యకు మూడో దారి లేదు. నీళ్ళు లేక ఊరు విడిచినవాడిని నీళ్ళే వెంటాడి పట్టుకున్నాయి.

మంగళవారం మధ్యాహ్నం అతడు ప్లైవుడ్ కోస్తుండగా గేటు దగ్గరికి ఒక అపరిచితుడు వచ్చాడు. యాభై దాటిన మనిషి. కాసిని నీళ్ళు అడిగాడు. తెలుగులోనే, అదీ సొంత జిల్లా యాసలో అడిగాడు.

తాగి, వెళ్ళలేదు. పిలవకుండానే క్యారవాన్‌లోకి ఎక్కి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వైద్యుడు రోగి వీపును పరీక్షించినట్టు వేలి కణుపులతో నేలను తట్టుకుంటూ పోయి, కిటికీ కింద ఆగాడు.

"పైన చెక్క ఎయ్యొద్దబ్బీ. ముందు దీన్ని లేపు. నీళ్ళొచ్చేది పైకప్పులోంచి గాదు, ఈ కిటికీ అంచులోంచి. అడుగున దూలాలు కుళ్ళింటాయి."

లేపి, ఎండబెట్టి, దూలాలు మార్చి, కిటికీ అంచు మూసిన తరువాతనే కొత్త చెక్క వేయాలని వివరించాడు. గడువు చాలదంటే, కాళ్ళు పట్టుకునైనా కఫీలును పది రోజులు అడగమన్నాడు. తానూ వచ్చి చెయ్యేస్తానన్నాడు. కూలి వద్దన్నాడు.

ఆ చివరి మాటే కొంప ముంచింది.

పరాయి గడ్డపై సొంత జిల్లావాడు ఊరకే సాయపడతానన్నాడంటే, అతని చూపు నీ కారు తాళాల మీద ఉన్నట్టే. ఇది ప్రవాస రాజనీతిలో ప్రథమ సూత్రం; సిద్ధయ్యకు అది కంఠోపాఠం.

"ఇఖామా ఉందా నీకు?"

ఆ మనిషి కిటికీ అంచును మళ్ళీ తట్టి చూశాడు.

"లేదు గదా. పనిమంతుడివని మా కఫీల్‌కు చూపించుకోను వచ్చినావా? యల్లా, నడువు. మళ్ళా ఈడ కనపడితే పోలీసోళ్ళకు ఫోన్ కొడ్తా."

"కొట్టుకో. అది మాత్రం లేపి చూడు," అని ఆ మనిషి దిగి వెళ్ళిపోయాడు.

సిద్ధయ్య లేపలేదు. తడిసిన చెక్క మీదే కొత్త చెక్క పరిచి, స్క్రూలు బిగించి, పైన పాలరాతి చారల వినైల్ షీటు అతికించాడు. గురువారం కఫీలు చెప్పులు విడిచి దాని మీద అటూ ఇటూ నడిచి, బాగుందన్నాడు. మహాశిల్పులకు సైతం బతికుండగా దక్కని ఆ మన్ననను సిద్ధయ్య తల వంచి స్వీకరించాడు. ఇఖామా పని వచ్చే వారం చూస్తానన్నాడు కఫీలు.

ఎడారిలో రెండో శుక్రవారం, భోజనాలయ్యాక, కఫీలు తల్లి లేచి కిటికీ వైపు నడిచింది. రెండడుగులు పాలరాతి మీద పడ్డాయి. మూడోది చెక్కను చీల్చుకుని కింది ఇసుకలో పడింది.

ఆమె తుంటి విరిగింది. సిద్ధయ్యకు టికెట్ వచ్చింది.

అతడు సంచీ సర్దుకున్న రోజునే ఇద్దరు పనివాళ్ళు వచ్చి, ఇంటి వెనక్కి తిరిగొచ్చిన క్యారవాన్ నేలను పెకలించారు. తవ్వకాల్లో ఒక రాజవంశం కింద మరో రాజవంశం బయటపడినట్టు, సిద్ధయ్య చెక్క కింద మరొక చెక్క, దాని కింద ఇంకొకటి వచ్చాయి. అట్టడుగుది చేత్తో పట్టుకుంటే పిండిలా రాలింది. కిటికీ అంచు నుంచి నల్లటి చార ఒకటి దూలాల దాకా దిగి ఉంది.

ఆ ఇంట్లో పద్నాలుగేళ్ళుగా వంట చేస్తున్న వెంకటేశ్వరి వచ్చి పక్కన నిలబడింది.

"ఆ పొద్దు వచ్చినాయప్ప యాడుంటాడక్కా?" అన్నాడు సిద్ధయ్య. "ఆయనొచ్చి కఫీల్‌కు ఒక్క మాట చెప్తే..."

"రాలేడు. నువ్వు తరిమిన పొద్దే బస్సు కాడ చెకింగులో పట్టుకున్నారు. ఊరికి పంపించేసినారు."

"నీకు తెల్సా ఆయప్ప?"

"నువ్వు చెక్క కోస్తావుంటే నేనే ఫోన్ చేస్తి. ఇఖామా లేకపోయినా అంత దూరం, మహబూలా నుంచి వచ్చె. తానెవరో నీకు చెప్పొద్దనె. చెప్తే, నీ చోటు కోసం వచ్చినాడనుకుంటావంట."

"ఎవరక్కా ఆయన?"

వెంకటేశ్వరి ఇసుకలో పడి ఉన్న మూడు చెక్కల వైపు చూసింది.

"నీకు ముందర తొమ్మిదేండ్లు ఈ ఇంటి కారు తోలినోడు. ఆ నడిమి చెక్క, కిందిది లేపకుండా, ఆయప్ప పరిచిందే."