పెరటి కుంట

"ఈ చేపలు మనుషులు తినేవి కావండీ." పరీక్షాకేంద్రం అధికారిణి కాగితం బల్లమీద పెట్టింది. "సీసం, కాడ్మియం ఉండకూడనంత ఉన్నాయి. అమ్మకం ఆపేయండి."

చెరువుల ఆసామి కాగితం వంక కూడా చూడలేదు. పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు. శాంపిల్ కోసం వచ్చిన ఆమె మనుషులు ఆయనకి ఇంకా గుర్తే. చెప్పులకి బురదవుతుందని ఒక్కడూ గట్టు దిగలేదు. "మంచివి చూసి ఇచ్చి పంపరా" అని మేస్త్రీకి పురమాయిస్తే, వాడిచ్చిన చేపల్నే ఐసుపెట్టెలో పెట్టుకుని పోయారు. అదీ వీళ్ల పరీక్ష!

"తిన్నవాళ్లెవరైనా వచ్చి మీ దగ్గర ఏడ్చారా?" అన్నాడు.

"ఇవాళ తింటే రేపు తెలిసే జబ్బు కాదండీ. బ్యాటరీలు కరిగించే బట్టీ నీళ్లు మీ పక్కనున్న చిత్తడి నేలలోకే వస్తున్నాయి. ఆ విషం బురదలో చేరుతుంది. బురదలో బతికే వాటిలోకి, వాటిని తినే చేపల్లోకి, చివరికి మన కంచాల్లోకి. కడుపుతో ఉన్నవాళ్లు తింటే బిడ్డ మెదడుకే దెబ్బ."

ఆసామి పకపకా నవ్వాడు. వరండాలో కాళ్లు చాపుకుని కూర్చున్న కూతుర్ని చూపించాడు. ఆమెకి ఏడో నెల.

"మా అమ్మాయి రోజూ చేపే తింటుంది. ఎలా నిగనిగలాడుతోందో చూడండి. నాలుగు పుస్తకాలు చదవగానే మాకు చేపల గురించి చెప్పడానికి బయల్దేరతారు. వెళ్లిరండమ్మా."

నోటీసు పంపిస్తానని ఆమె లేచిపోయింది. జీపు వీధి మలుపు తిరగకముందే ఆసామి మేస్త్రీని కేకేశాడు.

"నోటీసు వచ్చేలోపు చెరువులన్నీ పట్టించెయ్. లారీలు రప్పించు. బజారు జనానిదేముందిరా, చవగ్గా ఇస్తే గడ్డైనా తింటారు."

చెరువుల సంగతి ఆయనకి తెలియక కాదు. చిత్తడి నీళ్లే వాటికి తోడిస్తున్నాడు. పైన తేలే నల్లటి తెట్టు రోజూ కళ్లారా చూస్తున్నాడు. అందుకే ఆ చేప ఆయన గడప తొక్కదు. ఇంటివాళ్ల కోసం పెరట్లో వేరే కుంట తవ్వించాడు. నీళ్లు బోరువి. బస్తాల మేత ఒక్క గింజ పడనివ్వడు. చిత్తడిలో దొరికే నత్తలు ఏరించి, చితక్కొట్టించి ఆ కుంటలో వేయిస్తాడు. దేవుడిచ్చిన మేతలో కల్తీ ఉండదని ఆయన సిద్ధాంతం. ఊరికి విషం, ఇంటికి అమృతం. ఇంత తెలివైనవాడు కాబట్టే పదిమందీ ఆయన్ని పెద్దమనిషి అంటారు.

సాయంత్రానికి చెరువులు ఖాళీ అయ్యాయి. ఆసామి తీరిగ్గా భోజనానికి కూర్చున్నాడు. పక్కన కూతురు చేప తలకాయ చప్పరిస్తోంది.

"ఇంకో ముక్క వెయ్యవే దానికి. ఇద్దరి తిండి తినాలి" అన్నాడు భార్యతో.

మేస్త్రీ గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"లారీలన్నీ వెళ్లిపోయాయండి. మీరేం బెంగపెట్టుకోకండి అయ్యగారూ, ఆవిడ తెచ్చిన రిపోర్టు పచ్చి అబద్ధం."

"నీకెలా తెలుసురా?"

మేస్త్రీ మీసాల్లోంచి నవ్వాడు.

"చెరువు చేపలిస్తే దొరికిపోతామని, ఆ రోజు నేనిచ్చినవన్నీ మన పెరటి కుంటలోవే కదండీ!"