కలిమా కింద చిన్న పేరు

“తాతా, వెండి మార్పిడి కిటికీ అటు. ఇక్కడ నిలబడకు.”

సరఖ్స్ నగర టంకశాల అధికారి షహ్‌మర్దాన్ తల ఎత్తకుండానే అన్నాడు.

గుమ్మంలోని ముసలాయన కదలలేదు. దుమ్ముకొట్టుకుపోయిన అంగీ, తెగిన చెప్పు. చేయి చాచి, తట్టలోంచి అప్పుడే కొట్టిన వెండి నాణెం, దిర్హమ్ ఒకటి తీసి వెలుతురుకు పట్టాడు.

“పెట్టెయ్. రేపు మసీదు ముందు జనం మీద చల్లుతారు. అప్పుడు ఏరుకుందువుగాని,” అన్నాడు సుత్తి పట్టుకున్న బుందార్. “నీ నడుం వంగితే.”

“ఇవి చల్లితే ఎల్లుండికి నీ సుత్తి ఉంటుంది. పట్టుకునే చేతులుండవు.”

సుత్తి గాల్లోనే ఆగింది.

కొత్త అమీర్ తోగాన్ కోటలో దిగి మూడు రోజులైంది. రేపు శుక్రవారం. మసీదు ప్రసంగంలో ఆయన పేరు చదవాలి. వెంటనే ఆయన పేరున్న వెండి జనం చేతుల్లో పడాలి. ఓడిపోయిన అమీర్ బహ్రూజ్ పేరు ఎక్కడ కనిపించినా అది తిరుగుబాటే.

“పదకొండేళ్లుగా ఇదే నా పని. నాకు నేర్పకు,” అన్నాడు షహ్‌మర్దాన్. “ఇదిగో, తోగాన్. ఎంత స్పష్టంగా పడిందో చూడు. కొత్త అచ్చు.”

“ఇటువైపు కొత్తదే. వెనక్కి తిప్పు.”

“అటు కలిమా. అమీర్లు మారతారు, అల్లా ఒక్కడే అన్న మాట మారదు. ఆ అచ్చు మార్చే పనేముంది?”

“కలిమా కింద చదువు.”

షహ్‌మర్దాన్ నవ్వాడు. కంఠతా వచ్చినదాన్ని ఎవరైనా చదువుతారా? అయినా కళ్లు చికిలించి చూశాడు.

నవ్వు పోయింది.

కలిమా కింద ఆవగింజంత అక్షరాలు. బహ్రూజ్.

“పోయిన రంజానుకి చేర్చారు,” అన్నాడు ముసలాయన. “అమీరుకి ఒకవైపు పేరు చాల్లేదు.”

బుందార్ గోడకు చేరగిలబడ్డాడు. “ఇప్పుడెలా అయ్యా? చెక్కేవాడు తోగాన్ పేరు అచ్చొక్కటి మన మొహాన పడేసి నిన్ననే ఊరు వదిలేశాడు.”

“చిన్న ఉలి ఇలా ఇవ్వు.”

అడగడం కాదు, చెప్పడం అలవాటైన గొంతు. షహ్‌మర్దాన్ ఇచ్చేశాడు. ఇచ్చాక అడిగాడు.

“నీకు చేతనవునా?”

“ముద్ర ఉంగరాలు చెక్కేవాణ్ని. సరదాకి.”

ముసలాయన నేల మీద చతికిలబడ్డాడు. అక్షరం మీదుగా ఒక ఆకు, ఆకు పక్కన ఒక మెలిక. చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. చూస్తూండగానే పేరు కాస్తా తీగ అయిపోయింది.

బుందార్ కొత్త బిళ్ల పెట్టి ఒక్క దెబ్బ వేశాడు.

“తీగ బావుంది తాతా. పేరు కంటే బావుంది.”

“అవును. ఈ బుద్ధి ముందే ఉండాల్సింది.”

తట్టలో అంతకుముందు కొట్టిన నాణేలన్నీ మళ్లీ మూసలో కరిగాయి. షహ్‌మర్దాన్ ఒక కొత్త దిర్హమ్ చేతిలో పెట్టబోతే ముసలాయన తీసుకోలేదు.

“మర్వ్ గేటు తెరిచే ఉంటుందా?”

“సాయంత్రం నమాజు దాకా ఉంటుంది. త్వరగా వెళ్లు.”

ఆయన వెళ్లిన గంటకి కోట నుంచి సైనికాధికారి వచ్చాడు.

“రెండు వైపులా చదివి రమ్మన్నారు అమీరుగారు.”

కలిమా వైపు అక్షరం అక్షరం చదివాడు. తీగ దగ్గర ఆగాడు. తల ఊపాడు.

“అదృష్టవంతులు. పాత పేరు కనిపిస్తే ఈ గుమ్మానికే మీ ఇద్దరినీ వేలాడదీయమన్నారు.”

బుందార్ సుత్తి కింద పెట్టి తన మెడ తడుముకున్నాడు.

“ఇవాళంతా శుభమే,” అన్నాడు సైనికాధికారి నీళ్లు తాగుతూ. “కోటలోంచి తప్పించుకున్న బహ్రూజ్ కూడా దొరికాడు. ఇందాకే, మర్వ్ గేటు దగ్గర. తెల్లవారేసరికే ఊరు దాటేశాడట, గుర్రం కూడా సిద్ధంగా ఉందట. మళ్లీ ఊళ్లోకి ఎందుకొచ్చావయ్యా అంటే, చిన్న తప్పొకటి దిద్దుకోవడానికి అంటాడు. గోళ్ల నిండా ఇనుప రజను.”

షహ్‌మర్దాన్ గుమ్మం వైపు చూశాడు.

పదకొండేళ్లుగా వెండి మీద ఆ పేరు అచ్చువేసిన అతను, ఆ పేరుగల మనిషి ముఖం చూడటం ఇవాళే మొదటిసారి.