మాకేం లోటు లేదండి

దానమ్మ పెరట్లో కూర్చుని బూడిదతో బొమ్మిడాయి చేపలు రుద్దుతోంది.

ఆ రోజు రొయ్యల షెడ్డుకి లోడు రాలేదు. కూతురు స్నేహలత కూడా ఇంటి దగ్గరే ఉండి, ఆగిపోయిన టేబుల్ ఫ్యాను విప్పి ముందేసుకుంది.

పది పాసయిన పిల్ల. ఏ మోటారు మొరాయించినా వీధంతా దాన్నే కేకేస్తారు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదవాలని దాని ఆశ.

తండ్రి పేరు విశ్వాసం; చేపల చెరువు గట్టు మీద పాము కరిచి పోయి రెండేళ్ళయింది. ఏలూరు హాస్టల్లో ఉంచి చదివించే తాహతు దానమ్మకి ఎక్కడిది? పరీక్షలు అవగానే పిల్లని కూడా తనతో రొయ్యలు వలవడానికి తీసుకుపోతోంది.

"ఏవండీ, ఇంట్లో ఎవరండీ?"

దడి పక్కన ఎవరో ఆవిడ. నలభై లోపే ఉంటుంది. నేత చీర, భుజాన సంచి, చేతిలో కాగితాల అట్ట. చెప్పులకి గట్టు బురద.

లేబరాఫీసు మనిషేమోనని దానమ్మకి అనుమానం వచ్చింది.

పోయిన వారమే షెడ్డు సూపర్‌వైజరు ఫణికిరణ్ ఆడవాళ్ళందర్నీ నిలబెట్టి చెప్పాడు. "లేబరాఫీసువాళ్ళు ఊళ్ళ మీద తిరుగుతున్నారు. పిల్లలు షెడ్డుకి వస్తున్నారని ఏ ఒక్కరు నోరు జారినా తాళం పడిపోద్ది. తర్వాత మీ ఇష్టం."

ఆ రోజునుంచీ వీధి వీధంతా ఒకటే జవాబు బట్టీపట్టింది.

"మీ ఆయన ఏం చేస్తారమ్మా?" అడిగింది ఆవిడ.

"చెరువు కాపలా అండి. పనిలోకెళ్ళారు."

"మరి పాప?"

"చదువుకుంటుందండి. భీమవరంలో చేర్పించేశాం."

"ఫీజూ అదీ?"

"అంతా కట్టేశామండి. మాకేం లోటు లేదండి."

ఆవిడ చూపు ఫ్యాను మీద పడింది. "నువ్వే బాగుచేస్తున్నావా తల్లీ?"

స్నేహలత మొహం వెలిగింది. నోరు తెరిచేలోగా తల్లి అందుకుంది.

"అబ్బే, ఏదో ఆడుకుంటుందండి. బాగుచేసే అతను సాయంత్రం వస్తాడు."

పిల్ల చేతిలో స్క్రూడ్రైవరు నెమ్మదిగా కింద పెట్టేసింది.

"ఏదీ, చేతులు చూడనీ."

స్నేహలత చున్నీ కింద దాచుకోబోయింది. ఆవిడే మెల్లగా పట్టుకుని తిప్పి చూసింది. ఐసు నీళ్ళలో నాని, రొయ్య ముళ్ళు దిగి, వేళ్ళ సందులు ఎర్రగా ఒరిసిపోయి ఉన్నాయి.

"షెడ్డుకి వెళ్తున్నావా?"

పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి చేపల వైపు చూసింది.

"షెడ్డు ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదండి," అంది స్నేహలత.

ఆవిడ కాసేపు ఆ చేతులు వదల్లేదు. "పడుకునేముందు పటిక నీళ్ళలో పెట్టుకో. మంట లాగేస్తుంది."

ఇన్ని తెలుసంటే ఇది ఖాయంగా ఆఫీసు మనిషే అనుకుంది దానమ్మ. వల గట్టిదే వేసింది.

"నిజం చెప్పినా మీకేం నష్టం రాదమ్మా," అంది ఆవిడ.

"ప్రభువు సాక్షిగా మాకేం లోటు లేదండి."

ఆవిడ నిట్టూర్చి అట్ట ముందుకు జరిపింది. "అయితే అదే రాశాను. సంతకం పెట్టండి."

దానమ్మ బూడిద చేతులు కడుక్కుని, పమిటకి తుడుచుకుని, ఒక్కో అక్షరమే పేర్చి సంతకం పెట్టింది. నిరుటి వానాకాలంలో స్నేహలత పలక మీద దిద్దించిన సంతకం అది.

ఆవిడ గట్టు దాటగానే పక్కింటి కనకరత్నం దడి మీంచి తొంగిచూసింది.

"అబ్బో, వదినా! ప్లీడరు గారిలా మాట్లాడేశావు! ఆవిడ మొహం చూశావా, గాలి తీసిన ట్యూబులా అయిపోయింది!"

దానమ్మ చాలా రోజులకి నవ్వింది.

స్నేహలత నవ్వలేదు. ఫ్యాను బిగించి స్విచ్చి వేసింది. గిర్రున తిరిగింది.

పది రోజుల తర్వాత, షెడ్డు వ్యాను వచ్చే వేళకి, హైస్కూలు మధుబాబు మాస్టారు వచ్చారు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"ఎంత పని చేశావమ్మా! మొన్న వచ్చినావిడ పేదవాళ్ళ పిల్లల్ని వెతికి, ఐటీఐ లాంటి చేతిపని చదువులు చదివిస్తారు. హాస్టలూ పుస్తకాలూ అన్నీ వాళ్ళవే. కొల్లేటి ఊళ్ళన్నిటికీ కలిపి ఏటా ఒక్కరు. స్నేహ పేరు నేనే పంపాను."

"ఆ ముక్క ఆవిడ అప్పుడే చెప్పలేదేవండి?" అంది దానమ్మ.

"ఎందుకొచ్చారో ముందే చెబితే, మేడలవాళ్ళు కూడా బండి పక్కింట్లో దాచేసి పేదవాళ్ళయిపోతున్నారంట. అందుకే ఎక్కడా చెప్పరు. నన్నూ చెప్పొద్దన్నారు."

"ఇంకొక్కసారి రమ్మనండి బాబూ. కాళ్ళు పట్టుకుని ఉన్నదున్నట్టు చెబుతాను."

"ముదినేపల్లి పిల్లకి ఇచ్చేశారమ్మా. నీ సంతకం ఉన్న కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. సంతకం పెట్టాక వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?"

"పోనీ, వచ్చే ఏడు?"

"అది ఆ ఏడు పది పాసయినవాళ్ళకేనమ్మా."

గట్టు మీద షెడ్డు వ్యాను హారన్ కొట్టింది.

"అయినా పిల్ల చేతులు పట్టుకుని మరీ చూశారు కదండీ. ఆవిడకి తెలియలేదంటారా?" అడిగింది దానమ్మ.

"తెలియకపోవడమేంటమ్మా, ఈ పిల్ల వయసులో ఆవిడ రొయ్యలు వలిచింది కూడా మీ షెడ్డులోనే," అని మాస్టారు అంటుండగానే, స్నేహలత తలకి గుడ్డ కట్టుకుని గడప దాటి వెళ్ళిపోయింది.