ఇద్దరు కట్టిన రోబో

"పక్షవాతం వచ్చింది చేతికి తల్లీ, బుర్రకి కాదు. పిల్లలాడుకునే ముక్కలు తెచ్చి నా ముందు పోస్తావేంటి?" అంది టైలరమ్మ.

ఫిజియో అమ్మాయి నవ్వింది. ఆసుపత్రి మంచానికి అడ్డంగా జరిపిన బల్ల మీద రంగురంగుల ప్లాస్టిక్ బ్లాకులు, చక్రాలు, అగ్గిపెట్టెంత మోటారు కుమ్మరించింది. అవన్నీ జోడిస్తే దొర్లుకుంటూ పోయే రోబో అవుతుందట. వీటిని పట్టి నొక్కగలిగిన వేళ్ళు రేపు సూదిని కూడా పట్టగలవని చెప్పింది.

సూది మాట వినగానే టైలరమ్మ బల్ల మీదికి వంగింది. ఎంతమంది పెళ్ళిబట్టలో కుట్టిన కుడిచెయ్యి ఇప్పుడు దువ్వెన పట్టుకోవడానికే మొరాయిస్తోంది. మొదటి ముక్క తీసింది. జారి కింద పడింది. రెండోదీ అంతే. ఎడమచెయ్యి సాయానికి వస్తే ఫిజియో అమ్మాయి దాన్ని మెల్లగా పక్కకు నెట్టేసేది. సాయంత్రానికి నాలుగంటే నాలుగు ముక్కలు ఒకదానిమీద ఒకటి నిలిచాయి. అవీ వంకరగా.

పక్క మంచం మీద డ్రైవరమ్మ ఇవేవీ పట్టనట్టు కిటికీవైపు తిరిగి పడుకుని ఉంది. సిటీ బస్సు నడిపే మనిషి. వెన్నుకి ఆపరేషన్ అయింది. నరాలు బాగానే ఉన్నాయి, ప్రయత్నిస్తే కాళ్ళు కదలాలి అంటాడు పెద్ద డాక్టరు. ఆవిడ ప్రయత్నించి ప్రయత్నించి, బొటనవేలైనా కదలకపోయేసరికి ఒకరోజు విసిగి వదిలేసింది. అప్పటినుంచీ ఉలుకూ పలుకూ లేదు. కూర్చోబెడితే కూర్చుంటుంది, పడుకోబెడితే పడుకుంటుంది. భర్త రోజూ వచ్చి ఆవిడ వీపుతో మాట్లాడి వెళ్తుంటాడు.

మర్నాడు టైలరమ్మ చక్రాలు బిగిస్తోంది.

"ముందు చక్రాలు అంత దగ్గరగా పెడితే మలుపులో బోల్తా కొడుతుంది పిన్నీ."

టైలరమ్మ ఉలిక్కిపడింది. "అటు తిరిగి పడుకున్నదానివి, నీకెలా కనబడింది?"

"కిటికీ అద్దంలో. నిన్నట్నుంచీ చూస్తున్నా. ఇంక చూడలేక చెబుతున్నా."

టైలరమ్మకి ఒళ్ళు మండింది. గట్టు మీద కూర్చున్నవాళ్ళు ఎన్నైనా చెబుతారని గొణిగింది. గొణుగుతూనే చక్రాలు దూరంగా జరిపింది. కాసేపటికి డ్రైవరమ్మ తనని వీల్‌చైర్లో కూర్చోబెట్టి బల్ల దగ్గరికి తీసుకెళ్ళమంది. ఫిజియో అమ్మాయి ముఖం వెలగడం చూసి, వెంటనే వేలు చూపించి హెచ్చరించింది.

"దీని సంగతి చూడ్డానికి వస్తున్నా. కాళ్ళ మాటెత్తావంటే మళ్ళీ వెళ్ళి పడుకుంటా."

ఆ అమ్మాయి మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇక అక్కణ్ణుంచి నోరు డ్రైవరమ్మది, చెయ్యి టైలరమ్మది. ఇద్దరికీ క్షణం పడేది కాదు. మోటారు వెనక్కి జరపమని ఒకరు, అక్కడ పెడితే నడుము లావుగా కనిపిస్తుందని ఒకరు. రోబోకి పెద్ద తలకాయ పెడదామని టైలరమ్మ సరదాపడింది. తల బరువెక్కితే మనిషైనా బండైనా బోర్లాపడటమేనని డ్రైవరమ్మ ఒప్పుకోలేదు. సరే, తల నీ ఇష్టం, భుజాలు మాత్రం నా ఇష్టం, భుజాలు కుదరని మనిషిని నేను బయటికి పంపనని టైలరమ్మ భీష్మించుకుంది. ఆ రోజు డ్రైవరమ్మ భర్త వచ్చి, భార్య గొంతు విని గుమ్మం బయటే ఆగిపోయాడు. లోపలికి వస్తే ఆ పోట్లాట ఎక్కడ ఆగిపోతుందోనని, చాలాసేపు అక్కడే నిలబడి విని వెళ్ళిపోయాడు.

చివరికి తలకాయ ఒక్కటే మిగిలింది. టైలరమ్మ ఎడమచేతిని తనంతట తానే ఒళ్ళో పెట్టేసుకుంది. కుడిచేత్తో ముక్కని పట్టుకుంది. గురిచూసి నొక్కింది. ముక్క టక్కుమని కూర్చుంది. టైలరమ్మ తన వేళ్ళవంకే కాసేపు చూసుకుని, ముక్కు ఎగబీల్చింది.

ఫిజియో అమ్మాయి రోబోని నేలమీద పెట్టింది. టైలరమ్మ వంగి వీపు మీది మీట నొక్కింది. అది గుర్రుమని తలాడించుకుంటూ బయల్దేరింది. మంచాలు దాటింది. గుమ్మం దాటింది. ఎక్కడా బోల్తా కొట్టకుండా వరండాలోకి తిరిగింది. దాని వెంటే వీల్‌చైర్‌ని గుమ్మం దాకా తోయించుకుంది డ్రైవరమ్మ. "చూశావా పిన్నీ మలుపు?" అంది గర్వంగా.

అప్పుడే అటువైపు నుంచి భోజనాల బండి వచ్చింది. పేర్చిన ట్రేల వెనక తోసే ఆయాకి ముందు నేల కనిపించడం లేదు. వెనకే గుమ్మంలోకి వచ్చిన టైలరమ్మ అరవబోయింది. ఆలస్యమైపోయింది. ఫిజియో అమ్మాయి పరిగెత్తబోయింది. అందలేదు. బండి చక్రం రోబో మీదినుంచి పోయింది. ముక్కలు వరండా నిండా చెల్లాచెదురయ్యాయి.

ఆయా లబలబలాడుతూ ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. టైలరమ్మకి ప్రాణం ఉసూరుమంది. అయినా పైకి తేలనివ్వలేదు. ఒకసారి కట్టిన చెయ్యి రెండోసారి కట్టలేకపోతుందా?

"పోనీలేవే అమ్మాయ్, మళ్ళీ కడదాం" అంటూ డ్రైవరమ్మవైపు తిరిగింది.

డ్రైవరమ్మ ముక్కలవైపు చూడటం లేదు. ఫిజియో అమ్మాయీ చూడటం లేదు. ఇద్దరూ కిందికి చూస్తున్నారు.

"తియ్యకండి," అంది ఫిజియో అమ్మాయి. "అలాగే ఉంచండి."

వీల్‌చైర్‌కి పాదాలు ఆనించే పలక మీద ఎప్పుడూ వాలిపోయి ఉండే డ్రైవరమ్మ కుడికాలు, పలక దాటి ముందుకు చాచుకుని, నేలని బ్రేకు తొక్కినట్టు గట్టిగా తొక్కిపట్టి ఉంది.