ముప్పై మందికి నాస్తా

నవంబరు పద్నాలుగు, శుక్రవారం. ఆ పొద్దు మద్దమ్మ తిన్నది రాత్రి మిగిలిన రొట్టె, అదీ సగం. 

"మళ్ళీ అదే అడుగుతున్నావా?" ఫోన్‌లోంచి తలెత్తకుండానే అంది మామా, ఆ కువైట్ ఇంటి యజమానురాలు. ఆమె వచ్చీరాని హిందీ మూడేళ్ళుగా విని విని మద్దమ్మకు అలవాటైపోయింది. "రమదాన్ అయ్యాక చూద్దామన్నానుగా. ఖలాస్."

"అప్పటికి బిడ్డ పుట్టేస్తుంది మామా. నా కూతురికి తొలి కాన్పు. తల్లి దగ్గర జరగాల్సింది. అక్కడ దానికి నేను తప్ప ఎవరూ లేరు. ఒక్క నెల పంపించు."

"పుట్టాక చూస్తావులే. ముందు ఇది చూడు." మామా ఫోన్ ముందుకు జరిపింది. వీడియోలో ఒక అమెరికా ఆమె గుడ్లు, చీజ్, బంగాళదుంపల తురుము పెద్ద ట్రేలో కలిపి ఓవెన్‌లోకి తోస్తోంది. "ఆమిష్ వాళ్ళ నాస్తా. పదింటికల్లా ముప్పై మంది వస్తారు. నీ చేతివంట గురించి అందరికీ గొప్పగా చెప్పాను. యల్లా, తొందరగా కానీ."

వంటింట్లో సుల్తాన్‌బీ అప్పటికే దుంపలు తురుముతోంది. రాయచోటి పిల్ల. ఈ ఇంటికొచ్చి నాలుగు నెలలు. ఆమె జీతం ఆగితే ఊళ్ళో తండ్రికి డయాలసిస్ ఆగుతుంది.

"ఎవరక్కా ఈ ఆమిషోళ్ళు?"

"అమెరికాలో కరెంటు వద్దనుకోని, గుర్రబ్బండ్లలో తిరిగేటోళ్ళంట. మామా చెప్పింది."

"కరెంటు వద్దనేటోళ్ళ తిండికి మనకు రెండు ఓవెన్లు. బాగుందిలే." సుల్తాన్‌బీ నవ్వింది. "చేనికి పొయ్యేటోళ్ళు తినే తిండక్కా ఇది. ఈళ్ళు తిని మళ్ళా పండుకుంటారు."

మద్దమ్మ నవ్వలేదు. సుల్తాన్‌బీ ఆమె మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా టీ గ్లాసు తెచ్చి చేతికందేలా పెట్టింది. "చల్లారిపోతాది. తాగుక్కా."

ఉల్లిపాయలతో కోడి సాసేజీ ముక్కలు వేయిస్తుంటే మద్దమ్మకు పోయినేడాది ఇక్కడ తనతోపాటు వంట చేసిన శ్రీలంకామె గుర్తొచ్చింది. చుట్టాల ముందు బిర్యానీ మాడబెట్టింది. పరువు పోయిందని మామా మూడోరోజే ఆమెను ఫ్లయిట్ ఎక్కించింది. మూడేళ్ళలో మద్దమ్మ ఒక్కనాడూ మాడబెట్టలేదు. అందుకే ఆమెను పంపరు.

ఐదు డజన్ల గుడ్లు కొట్టి పాలు పోసి గిలకొట్టింది. చీజ్‌లోనే ఉప్పుంటుంది, సాసేజీల్లోనూ ఉంటుంది. వీడియోలో ఆమె చిటికెడే వేసింది. మద్దమ్మ ఉప్పు డబ్బాలో చేయి పెట్టింది. ఆ చేయి ఒక క్షణం అక్కడే ఆగింది. తినే తిండిని చెడగొట్టడం ఆ చేతికి తెలీదు. కళ్ళు మూసుకుని గుప్పెడు తీసి వేసింది. ఇంకో గుప్పెడు వేసింది.

"అక్కా, ఉప్పు ఇందాక ఏస్తివే?"

"ఉర్లగడ్డ పీల్చుకుంటాదిలే."

సుల్తాన్‌బీ ఆమె వైపు ఒక్క నిమిషం చూసింది. "నీ మనసు ఈడ లేదక్కా. కూతురి కాడుంది," అంది మెల్లగా.

మహబూలాలో ఉండే మామా చెల్లెలి ఇంటినుంచి అరువు తెచ్చిన నాలుగు ట్రేలూ నిండాయి. పదింటికి పైన బంగారు రంగు తేలి, అంచులు కరకరలాడుతూ, చూస్తే నోరూరేలా బయటికొచ్చాయి. సుల్తాన్‌బీ ఒక్కొక్కటీ హాల్లోకి మోసుకెళ్ళింది.

మద్దమ్మ గోడకానుకుని నిలబడింది. ముందు నవ్వులు వినిపించాయి. తర్వాత ఎవరో దగ్గారు.  దాని వెనకే మామా కేక.

కాసేపటికి సుల్తాన్‌బీ ఖాళీ చేతులతో వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"ఏమంటాంది మామా?" మద్దమ్మ అడిగింది.

"ఏం లేదులే. నువ్వు మాత్రం బయటికి రావొద్దక్కా. ఎవురన్నా అడిగితే నీకేం తెల్దని చెప్పు." మద్దమ్మ చేయి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలేసి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం డ్రైవర్ రాజా కారు తీయడం, వెనక సీట్లో సుల్తాన్‌బీ కూర్చుని ఉండడం వంటింటి కిటికీలోంచి కనిపించింది. ట్రేలు తిరిగిచ్చి రావడానికి పోతున్నారనుకుంది మద్దమ్మ. ఎవరూ తినని నాస్తా అప్పటికే ట్రేల్లోంచి చెత్తసంచుల్లోకి ఎత్తేసింది. గిన్నెలు తోమింది. తన గదికి వెళ్ళి బట్టలన్నీ బ్యాగులో సర్దుకుంది. కూతురికి ఫోన్ చేసి, "వస్తాండా, రెండు మూడు దినాల్లో వస్తాండా," అని చెప్పింది. అవతల వెంకటేశ్వరి ఏడ్చేసింది, సంతోషంతో.

చీకటి పడ్డాక మామా గది గుమ్మంలోకి వచ్చింది. మద్దమ్మ లేచి నిలబడింది. పొద్దుటినుంచీ కూడబెట్టుకున్న మాటలు ఒక్క గుక్కలో చెప్పేసింది.

"ఉప్పు నేనే వేశాను మామా. తెలిసే వేశాను. నన్ను పంపించేయి."

మామా మొహంలో కోపం లేదు. దగ్గరికొచ్చి భుజం తట్టింది. బ్యాగును కాలితో మంచం కిందికి నెట్టింది.

"నీది మంచి మనసు మద్దమ్మా. ఆ పిల్ల తప్పు నీ నెత్తిన వేసుకోవాలని చూస్తున్నావు."

"ఏ పిల్ల మామా?"

"ఉప్పు వేసింది తానేనని సుల్తాన్‌బీ పొద్దునే అందరి ముందూ ఒప్పుకుంది, ఏజెంటు ఆఫీసులో దించి వచ్చాడు రాజా, రేపు దానికి ఫ్లయిట్, ఇక వంటింటికి నువ్వొక్కదానివే, రమదాన్ దాటినా నిన్ను వదల్లేను, పడుకో," అని మామా లైటు తీసేసి, ఆమె నిద్రకు అడ్డం రాకూడదని, చప్పుడు కాకుండా తలుపు మూసింది.