సందు లేని గది

“పీకెయ్‌రా ఆ బోర్డు! వేలు దూరేంత సందుండాది,” అంది బయమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకొని.

కొడుకు ఓబులేసు నోట్లో మేకులు పెట్టుకొనే నవ్వాడు. “వేలు కాదు గదమ్మా, చీమ గూడా దూరదు. పని చేసిండేది ఎవరనుకుంటివి?”

“చీమ సంగతి నాకెందుకురా? కన్ను దూరుతాది.”

ఊరి పాత సత్రం హాల్లో ఒక మూలకు అట్టబోర్డులు నిలబెట్టి, నర్సమ్మ ఆడవాళ్లను చూసేందుకు గది కడుతున్నాడు ఓబులేసు. ఆమె నెలకొకసారి తాడిపత్రి ఆసుపత్రి నుంచి వస్తుంది. హాలు నిండా మగవాళ్లు కూర్చొని ఉంటే ఏ ఆడది చూపించుకుంటుంది? ఇంతవరకు ఒక్కరూ రాలేదు. ఈసారీ రాకపోతే మళ్లీ ఈ ఊరి గడప తొక్కనని నర్సమ్మ తేల్చి చెప్పింది. మధ్యాహ్నం బస్సుకు ఆమె దిగుతుంది. ఓబులేసు పెండ్లానికి ఏడో నెల, కాళ్లు వాచి ఉన్నాయి. గది చాటుంటేనే వస్తానని ఆ పిల్లా మొండికేసింది.

ఓబులేసు రెండు మేకులు దిగ్గొట్టాడు. సందు మూసుకుంది. మిగిలింది ఒక్క బోర్డు. చెయ్యి కడుక్కోను నీళ్లొచ్చే ఇనుప గొట్టం, హాల్లోని డ్రమ్ము నుంచి సరిగ్గా ఆ బోర్డు మధ్యలోంచే లోపలికి పోవాలి.

“కొలత కట్టె తియ్యవేందిరా? తప్పు కోస్తే ఇంకో బోర్డు యాడుండాది? గుంతకల్లుకు పోవల్ల!”

“కట్టె కంటే మసి నిజం చెప్తాదమ్మా.”

లాంతరు మసిలో ఆముదం కలిపి గొట్టం అంచుకు పూశాడు. బోర్డు ఎత్తి గొట్టానికి ఒకసారి అదిమి వెనక్కి తీశాడు. అట్ట మీద గుండ్రంగా నల్లటి గుర్తు పడింది. ఆ గుర్తు వెంబడే సన్న రంపం తిప్పాడు.

“నిదానం నాయనా. చీలిపోతే? రేపు గాలికి కూలి నర్సమ్మ మీద పడితే? జైల్లో ఏస్తారురా నిన్ను!”

“వేస్తే అన్నమైనా పెడతారులే. నువ్వు గొంతు తగ్గించు, రంపం బెదురుతాండాది.”

చేతికి గాజు ఎక్కినట్టు బోర్డు గొట్టానికి ఎక్కి కూర్చుంది. పైనున్న దూలం గుండ్రాన్ని ముందే పాత పేపరు మీద గీసుకొని కోశాడు గనుక అక్కడా అతుక్కుపోయింది. ఓబులేసు మీసం దువ్వుకున్నాడు.

బయమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు. లోపలికి పోయి, కిటికీ మూసి, తలుపేసుకొని చీకట్లో కూర్చుంది.

“రేయ్, దూలం కింద వెలుతురు కనపడతాండాది!”

అతను పేపరు ముక్కను చింతగింజల జిగురులో ముంచి అంటించాడు.

“తలుపు కీలు కాడ!”

అక్కడా అంటించాడు. “ఇప్పుడు?”

“ఏమీ కనపళ్లేదు,” అంది చివరకు. పెద్ద బరువు దించుకున్నట్టు ఉంది ఆ గొంతు.

“కోడలి కోసం ఇంత తిప్పలు పడే అత్తను ఈ జిల్లాలోనే చూళ్లేదమ్మా నేను,” అన్నాడు ఓబులేసు. “దానికి చెప్తే నీ కాళ్లు మొక్కుతాది.”

బయమ్మ బయటికొచ్చి కొంగు దులుపుకుంది.

బస్సు వచ్చింది. నర్సమ్మ గదంతా తిరిగి చూసి, “భేష్ ఓబులేసూ, పెద్దాసుపత్రిలో కూడా ఇంత చాటు లేదు,” అని మెచ్చుకొని లోపల కూర్చుంది.

“పెండ్లాన్ని పిల్చుకొని రానా?” అన్నాడు ఓబులేసు.

“నిదానించు. నేను ముందు పోయి నర్సమ్మకు చెప్పేది చెప్పొస్తా,” అని బయమ్మ లోపలికి పోయి గడియ పెట్టింది.

ఓబులేసు ఊరికే నిలబడలేక, గొట్టం చుట్టూ చివరి పేపరు ముక్కను బొటనవేలితో అదుముతున్నాడు. సందు ఎక్కడా లేదు. పలుచటి అట్ట అవతల నుంచి మాటలు మాత్రం చెవిలో చెప్పినట్టు వినబడ్డాయి.

“ఏం బయమ్మా, కోడలేది?”

“దాన్ని ఆనక పిలుస్తా. ముందు నన్ను చూడు తల్లీ. మా ఓబులేసు చెవిన పడితే తలెత్తుకోలేను... నాకు నాలుగో నెల.”