కోతకు పోయిన కుందేళ్లు

“జర బండి ఆపు బిడ్డా!”

ఇబ్రహీంపట్నం శివారులోని కుందేళ్ల షెడ్డు ముందు ఒక ముసలాయన ట్రాలీ ఆటోకి అడ్డంగా నిలబడ్డాడు.

ఆటోలో ఉన్నవి భాగ్యశ్రీ పెంచిన మగ కుందేళ్లు. మన్నెగూడలో మాంసం దుకాణానికి వెళ్తున్నాయి.

“ఎవలు నువ్వు?” అంది భాగ్యశ్రీ. అసలే మే నెల ఎండ, ఆపైన కడుపు మంట.

“అది తర్వాత చెప్త. వీటిని ఎందుకు అమ్ముతున్నవ్?”

“ఎండలు మొదలైనప్పటి సంది ఒక్క ఆడదానికి చూలు నిల్వలే. మగయి పనికిరాకుంట పోయినయ్. కూసోబెట్టి మేపాల్నా?”

బట్టలు కుట్టే దుకాణం మూసి పెట్టుకున్న షెడ్డు అది. పిల్లలు పుట్టకపోతే ఇదీ మూతే.

“చెడిపోలే బిడ్డా. ఎండకు మగయి గట్లనే అయితయ్. కొన్నాళ్లు జత కలపకు. తడి గోనెలు కట్టి సల్లగ ఉంచు. విటమిన్ ఇ, సెలీనియం ఉన్న గీ పొడి దాణాల కలుపు. వానలు పడ్డంక మల్ల మంచిగైతయ్.”

ముసలాయన సంచిలోంచి పొట్లం తీశాడు. దాంతో భాగ్యశ్రీకి ఒళ్లు మండింది. ఈ నెలంతా పొడులమ్మేవాళ్లు ఆమె గేటు అరగదీశారు.

“గిదా సంగతి! పొడి అమ్మనీకె వచ్చినవా?”

“ఉత్తగనే తీస్కో. నమ్మకుంటే కుందేళ్లను నాకియ్యి. నేను సాదుకుంట.”

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈయన అడక్కుండానే పెడుతున్నాడంటే ఏదో మెలిక ఉండే ఉంటుందనుకుంది భాగ్యశ్రీ.

“అగ్గువకు కొట్టేద్దామనుకున్నవా? జరుగు!”

ఆయన జరిగాడు. ఆటో మలుపు తిరిగేదాకా అందులోని కుందేళ్లనే చూశాడు. మంచినీళ్లయినా అడక్కుండా వెళ్లిపోయాడు.

వానలు పడి షెడ్డు చల్లబడింది. మొదట్లో తనకు కుందేళ్లు ఇప్పించిన హన్మంత్‌కు భాగ్యశ్రీ ఫోన్ చేసింది.

“మగ కుందేళ్లు కావాలె అన్నా.”

“ఉన్నయి ఏమైనయ్?”

“ఎండకు చెడిపోయినయని కోతకిచ్చిన.”

“అయ్యో! చెడిపోవుడేంది అక్కా? వానలకు మల్ల మంచిగైతయ్ గదా. ఎవ్వలు చెప్పలేదా?”

భాగ్యశ్రీ ఖాళీ బోన్ల వైపు తిరిగింది.

“ఒక ముసలాయన చెప్పిండు. నేనే ఎల్లగొట్టిన. ఎవలో ఏమో, దొరికితే కాళ్లు మొక్కుత అన్నా.”

హన్మంత్ నిట్టూర్చాడు.

“మహేశ్వరం ఎల్లస్వామి గాయన. ఎండలు ముదిరినయ్, కుందేళ్లను సూసొస్తనని నీ అడ్రస్ తీస్కపోయిండు. పోయినేడు గాయన గూడ నీ లెక్కనే తొందరపడి మగయన్నీ కోతకిచ్చిండు, షెడ్డే బందయింది. అప్పుడు మిగిలిన పిల్లల్నే నీకు ఇప్పిచ్చిన.”